టాపు లేని బండికి వాన కబురు



ఈ పూట మనం మాట్లాడుకునేది ప్రయాణం గురించి. అది కూడా నెత్తిన కప్పు లేని బండిలో ప్రయాణం గురించి. "అదేటండీ, మా ఇంట టాపు లేని కారెక్కడుంది?" అని మీలో చాలామంది అనుకుంటారు. కాస్త ఆగండి. టాపు లేని బండి అంటే సినిమాలో హీరో జుట్టు ఎగరేసుకుంటూ నడిపే కారు ఒక్కటే కాదు. మోటారు సైకిలుకు టాపు ఉందా? ట్రాక్టరు తొట్టికి ఉందా? మన శ్రీకాకుళం జిల్లా డొంకూరు తీరం నుంచి చేపల పెట్టెలు ఎత్తుకొచ్చే ట్రాలీ ఆటోకి ఉందా? ఇక పలాసలో పెళ్ళికొడుకుని ఊరేగించడానికి బంతిపూలు చుట్టి తెచ్చే జీపు ఉంది చూశారూ, దానికి టాపు ఉంటే ఇంక ఊరేగింపేముంది?

నాదీ అలాంటి బండే. గుడ్డ టాపున్న పాత జీపు. టాపు మడిచి వెనక్కి పడేయడం ఒక్క నిమిషం పని. తిరిగి లాగి, బొత్తాలు పెట్టి, పట్టీలు బిగించాలంటే ఇద్దరు మనుషులు కావాలి, పావుగంట కావాలి. మన ఉద్దానం మబ్బు పావుగంట ఆగుతుందా? ఆగదు. అందుకే టాపు లేని బండివాడు వాన పడ్డాక ఆలోచిస్తే లాభం లేదు. ముందే ఆలోచించుకోవాలి.

ముందే ఆలోచించుకోవాలంటే వాన కబురు కావాలి. ఇక్కడే గొడవ మొదలవుతుంది. "వాతావరణం వాళ్ళు వాన అన్నారంటే గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళొచ్చు" అనే జోకు మా నాన్నగారి కాలం నుంచీ ఉంది. ఇప్పుడు అది ఫోన్ల మీదకి వచ్చింది. ఫోనులో సూర్యుడి బొమ్మ ఉంటుంది, బయట కుండపోత. ఫోనులో మబ్బు, మెరుపు బొమ్మలుంటాయి, బయట ఎండ మాడ్చేస్తుంది. ఈ జోకులో సగం నిజం ఉంది. మిగతా సగం, మనం కబురును సరిగ్గా వినకపోవడం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బయల్దేరడం అనేది ఒక నిర్ణయం కాదు. మూడు నిర్ణయాలు. ఏ రోజు వెళ్ళాలి అన్నది ఒకటి. ఆ రోజున ఏ పూట వెళ్ళాలి అన్నది రెండోది. దారిలో వానొస్తే ఎక్కడ ఆగాలి అన్నది మూడోది. ఒక్కో నిర్ణయానికి ఒక్కో రకం కబురు ఉంది. మనం ఏం చేస్తున్నామంటే, రోజు కోసం చెప్పిన కబురు పట్టుకుని పూట నిర్ణయిస్తున్నాం. జిల్లా కోసం చెప్పిన మాట పట్టుకుని మన వీధి మీద వాన లెక్క కడుతున్నాం. తర్వాత వాళ్ళని తిడుతున్నాం. మళ్ళీ చెబుతున్నాను. రోజు, పూట, ఆగే చోటు. మూడూ వేరు.

ముందు ఆ కబురులో మాటలు ఎలా వినాలో చూద్దాం. మీరు రేడియోలో తరచూ వినే వాక్యం ఇది. "ఉత్తర కోస్తా, యానాంలో తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు ఒకటి రెండు చోట్ల కురిసే అవకాశం ఉంది." బాగానే ఉంది. కానీ ఈ ఉత్తర కోస్తా, యానాం అన్న మాటలో ఇటు డొంకూరు ఉంది, అటు కాకినాడ అవతల యానాం ఉంది. రోడ్డు మీద పోతే నాలుగొందల కిలోమీటర్ల పైమాటే. ఆ ఒకటి రెండు చోట్లు ఇంత పొడవులో ఎక్కడైనా కావచ్చు.

పైగా ఆ "ఒకటి రెండు చోట్ల" అన్నది నోటికొచ్చి అన్న మాట కాదు. దానికి లెక్క ఉంది. వాన కొలిచే కేంద్రాలు వంద ఉన్నాయనుకోండి. పాతిక లోపు కేంద్రాల్లో పడుతుందని అనిపిస్తే ఒకటి రెండు చోట్ల అంటారు. సగం దాకా అయితే కొన్ని చోట్ల అంటారు. సగం దాటి ముప్పాతిక దాకా అయితే చాలా చోట్ల. అదీ దాటితే దాదాపు అన్ని చోట్లా. అంటే "ఒకటి రెండు చోట్ల" అని విన్న రోజున ముప్పాతిక మందికి వాన పడదు. ఆ ముప్పాతిక మందీ సాయంత్రం టీకొట్టు దగ్గర చేరి "చూశావా, మళ్ళీ తప్పింది" అంటారు. నిజానికి తప్పలేదు. చెప్పినట్టే జరిగింది.

ఫోనులో కనిపించే శాతం కూడా ఇలాంటిదే. వాన 40 శాతం అని ఉంటే, 40 శాతం ఊరు తడుస్తుందని కాదు. రోజులో 40 శాతం సేపు వాన కురుస్తుందనీ కాదు. ఇలాంటి రోజులు పది వస్తే, నాలుగు రోజులు మీ చోట పడుతుంది, ఆరు రోజులు పడదు. అంతే. ఆరు రోజులు పడదు కదా అని టాపు మడిచేస్తారా? అది మీ బండిలో ఏముందో దాన్ని బట్టి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంకో మాట. తేలికపాటి వాన, మోస్తరు వాన అన్నవి వాన జోరును చెప్పే మాటలు అనుకుంటాం. కాదు. అవి ఇరవై నాలుగు గంటల మొత్తాన్ని చెబుతాయి. భారత వాతావరణ శాఖ లెక్కలో 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి వానే. 64.4 దాకా మోస్తరు. 64.5 నుంచి భారీ. సరే, ఆ తేలికపాటి పదిహేను మిల్లీమీటర్లు రోజంతా తుంపరగా పడితే ఒక రకం. పావుగంటలో కుమ్మరిస్తే ఇంకో రకం. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీళ్ళు. నా జీపులో మనుషులు కూర్చునే చోటు సుమారు మూడు చదరపు మీటర్లు. పదిహేను మిల్లీమీటర్లు పడితే నలభై అయిదు లీటర్లు. అంటే మూడు బిందెల నీళ్ళు సీట్ల మీద కుమ్మరించినట్టు. ఇదీ తేలికపాటి వాన! స్పాంజి సీటు ఆ నీళ్ళు తాగిందంటే వారం రోజులు కంపు కొడుతుంది. డాష్‌బోర్డు కింద వైర్లలోకి దిగిందంటే హారన్ దానంతట అదే మోగుతుంది.

మరో చిన్న సంగతి. చిన్నదే కానీ చాలామందిని తికమక పెడుతుంది. మనకి రోజు అర్ధరాత్రికి మారుతుంది. వాతావరణ శాఖకి ఉదయం ఎనిమిదిన్నరకి మారుతుంది. ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా వాళ్ళకి ఒక రోజు. శనివారానికి వాన అన్నారు. శనివారమంతా పొడిగా గడిచింది. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి పడింది. మన క్యాలెండరులో అది ఆదివారం వాన. వాళ్ళు ముందుగా చెప్పిన కబురు లెక్కలో శనివారం వాన. తెల్లవారుజామునే బయల్దేరే అలవాటున్నవాళ్ళు ఈ ఎనిమిదిన్నరను గుర్తుపెట్టుకోండి. మళ్ళీ చెబుతున్నాను. ఉదయం ఎనిమిదిన్నర.

మరి మూడు రోజుల ముందు తుపాను సంగతి చెప్పగలిగేవాళ్ళు, ఈ సాయంత్రం సోంపేటలో జల్లు పడుతుందో లేదో ఎందుకు చెప్పలేరు? ఇది న్యాయమైన ప్రశ్నే. పొయ్యి మీద ఎసరు పెట్టాం. కాసేపటికి నీళ్ళు మరుగుతాయని ఎవరైనా చెబుతారు. మొదటి బుడగ గిన్నెలో ఏ మూల లేస్తుందో ఎవరు చెప్పగలరు? వేసవి మధ్యాహ్నం మన నేల కాగి గాలి పైకి లేవడం సరిగ్గా అదే వ్యవహారం. ఉరుముల మబ్బు వెడల్పు కొన్ని కిలోమీటర్లే. చాలా మబ్బుల ఆయుష్షు గంట లోపే. తుపాను అలా కాదు. వందల కిలోమీటర్ల వెడల్పున సుడి తిరుగుతూ రోజుల తరబడి నడుస్తుంది. ఉపగ్రహం కంటికి ఎక్కడా దాగలేదు.

కంప్యూటరు కూడా దేశాన్ని గళ్ళు గళ్ళుగా విడగొట్టి లెక్క కడుతుంది. నిన్న మొన్నటి దాకా ఒక్కో గడి 12 కిలోమీటర్లు. 2025 మే నెలలో మన దేశం భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ అని కొత్త పద్ధతి తెచ్చింది. దాంట్లో గడి 6 కిలోమీటర్లు. మెరుగైంది, సందేహం లేదు. అయినా ఆరు కిలోమీటర్ల గడి కంటే చిన్న మబ్బు ఎటు పోయినా ఆ లెక్కకి చిక్కదు. కవిటి సంతలో కుండపోతగా పడి, రెండు కొబ్బరితోటలు దాటేసరికి దుమ్ము రేగడం మీరు చూడలేదా?

పెద్దది చెప్పడం సులువు అన్నాను కదా. పెద్దదాంట్లోనూ తేడాలొస్తాయి. మన తీరమే దానికి సాక్ష్యం. 2018 అక్టోబరులో తిత్లీ. ఎనిమిదో తేదీన వాయుగుండం. తొమ్మిదిన తుపాను. పదిన అతి తీవ్ర తుపాను. పదకొండు తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ముందు నుంచీ బులెటిన్లలో చెప్పింది, గోపాలపూర్, కళింగపట్నం మధ్య తీరం దాటుతుందని. ఆ రెండు పేర్లూ విని, "అక్కడెక్కడో కదా" అనుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ రెండింటి మధ్యన ఉన్నది ఎవరు? డొంకూరు, కవిటి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. అంటే ఉద్దానమంతా. అంటే మనమే. కబురు సరిగ్గానే వచ్చింది. అందులో మన ఊరి పేరు లేకపోయింది. తాతల నాటి కొబ్బరిచెట్లు, జీడిచెట్లు ఒక్క తెల్లవారుజామున నేలకొరిగాయి.

ఇప్పుడు 2021 చూడండి. సెప్టెంబరు 26న గులాబ్ తుపాను. చెప్పినట్టే వచ్చి కళింగపట్నానికి కాస్త ఉత్తరంగా తీరం దాటింది. అదే ఏడాది డిసెంబరు మొదట్లో జవాద్. రైళ్ళు రద్దు చేశారు. బడులకు సెలవులిచ్చారు. తీరం నుంచి జనాన్ని తరలించారు. జవాద్ మన తీరం దగ్గరికొచ్చి, నాలుగో తేదీన సముద్రంలోనే నీరసించి, పూరీ వైపు తిరిగిపోయింది. "తుపాను తుస్సుమంది" అన్నారు జనం. నేనైతే ఆ మాట అనను. తిత్లీ చూసిన కళ్ళతో జవాద్‌కి జాగ్రత్త పడకుండా ఉండడం ఎలా? టీవీల్లో "దూసుకొస్తున్న" అని అరిచేవాళ్ళని మాత్రం నాలుగు మాటలు అనొచ్చు. ప్రతి అల్పపీడనమూ దూసుకొస్తే, నిజంగా దూసుకొచ్చే రోజున ఏ మాట వాడతారు?

తుపాను హెచ్చరిక ఉన్న రోజున టాపు లేని బండి గురించి ఆలోచించే పనే లేదు. బండి బయటకు తీయొద్దు. కొబ్బరిచెట్టు కింద పెట్టొద్దు. ఆ రెండూ చాలు. మన మాటలన్నీ మిగతా రోజుల గురించి. వచ్చీ రాని వానల రోజుల గురించి.

ఇందాక చెబుతానన్న సంగతికి, అంటే బండిలో ఏముందన్న దానికి, వస్తున్నాను. ఒకే కబురు. ఒకే తీరం. ఇద్దరు అప్పచెల్లెళ్ళు. అప్ప పచ్చి చేపలు అమ్ముతుంది. చెల్లెలు ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది. ఇద్దరూ ఒకే ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఇచ్ఛాపురం వెళ్ళాలి. వాన నలభై శాతం అన్నారు. "వానొస్తే రానీ, అయిసు కలిసొస్తాది" అంటుంది అప్ప. నిజమే. పచ్చి చేప తడిసిందని ఎవరూ ధర తగ్గించరు. "నీకేటమ్మా, నా నెత్తళ్ళు తడిస్తే బూజెక్కిపోవా? బరకం లేకపోతే నేను రాను అప్పా" అంటుంది చెల్లెలు. అదీ నిజమే. మూడు రోజులు ఇసక మీద ఎండబెట్టింది మూడు నిమిషాల్లో పోతుంది. ఒకళ్ళకి నలభై శాతం అంటే వెళ్ళిపోవచ్చు. ఇంకొకళ్ళకి అదే నలభై శాతం అంటే ఆగాలి, లేదా బరకం కప్పాలి.

కాబట్టి వాన వస్తుందా రాదా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. వస్తే నాకు పోయేదేమిటి అని ముందు అడగండి. జీడిపిక్కల బస్తాలున్న ట్రాక్టరుకు చిన్న జల్లు కూడా నష్టమే. చొక్కా మార్చుకుని పోయే కుర్రాడికి పెద్ద వాన కూడా సరదాయే. చంకలో పసిబిడ్డతో మోటారు సైకిలు మీద బరంపురం ఆసుపత్రికి పోయే తల్లికి అలా కాదు. ఆవిడకి పదిశాతం వాన కూడా ఎక్కువే. బస్సెక్కడమే మేలు.

పోయేదేమిటో తేలాక, మన మూడు నిర్ణయాలకి రండి. ఒక ఆదివారం ప్రయాణం తీసుకుందాం. డొంకూరు నుంచి టెక్కలి దగ్గర తేలినీలాపురం. పిల్లలకి అక్కడి పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు చూపించాలి. టాపు తీసిన జీపులోనే పోవాలని పిల్లల పట్టు.

మొదటి నిర్ణయం, ఏ రోజు. ఇది బుధవారమో గురువారమో తేల్చుకోవచ్చు. వాతావరణ శాఖ అయిదారు రోజుల ముందు నుంచే జిల్లాల వారీగా రంగులిస్తుంది. ఆకుపచ్చ అంటే ఇబ్బంది లేదు. పసుపు అంటే ఓ కన్నేసి ఉంచండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే కదలండి, జాగ్రత్తపడండి. ఆదివారానికి నారింజ ఉంటే ఆ ప్రయాణం వచ్చే ఆదివారానికి జరపండి. పక్షులు మార్చి దాకా ఉంటాయి, ఎక్కడికీ పోవు. పసుపు ఉంటే మానక్కర్లేదు. రెండో నిర్ణయానికి వెళ్ళండి.

రెండో నిర్ణయం, ఏ పూట. ఇది ముందురోజు రాత్రి, ఆ ఉదయం తేల్చుకోవాలి. మన దగ్గర వేసవి ఉరుముల వానలు ఎక్కువగా మధ్యాహ్నం తిరిగాకే. నేల కాగాలి కదా. పొద్దున్నే బయల్దేరి రెండింటిలోగా ఇంటికి చేరేలా చూసుకుంటే సగం గొడవ తీరిపోతుంది. అల్పపీడనం ముసురైతే ఈ లెక్క పనిచేయదు. దానికి పగలూ రాత్రీ తేడా లేదు.

మూడో నిర్ణయం, ఎక్కడ ఆగాలి. ఇది బయల్దేరే నిమిషంలో, మళ్ళీ దారిలో. దీనికి పనికొచ్చే కబురు వేరే ఉంది. నౌకాస్ట్ అంటారు. రాబోయే మూడు గంటలకే చెబుతుంది. విశాఖపట్నంలోనూ, గోపాలపూర్‌లోనూ ఉన్న డాప్లర్ రాడార్లు మబ్బు ఎక్కడుందో, ఎటు నడుస్తోందో చూస్తాయి. ఇది రేపు పుట్టబోయే మబ్బు గురించి ఊహ కాదు. ఇప్పటికే పుట్టిన మబ్బును చూసి చెప్పే మాట. అందుకే నమ్మకం ఎక్కువ. మౌసమ్ అనే యాప్‌లో ఇది దొరుకుతుంది. ఫోను చేతకాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లల్ని అడగండి, చూసిపెడతారు. బయల్దేరేముందు ఒకసారి. కంచిలి దగ్గర టీకి ఆగినప్పుడు ఒకసారి. పలాసలో ఒకసారి. బండి నడిపే మనిషి చూడకూడదు సుమండీ. పక్కన కూర్చున్నవాళ్ళు చూడాలి.

మనం ఒడిశా సరిహద్దున ఉన్నాం. ఈ సంగతి మనవాళ్ళు మరిచిపోతారు. శ్రీకాకుళం జిల్లా కబురు అమరావతి కేంద్రం ఇస్తుంది. గంజాం, గజపతి జిల్లాల కబురు భువనేశ్వర్ కేంద్రం ఇస్తుంది. పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీ ఆగుతుంది కానీ మబ్బు ఆగదు. డొంకూరుకి గోపాలపూర్ దగ్గర, శ్రీకాకుళం దూరం. మన జిల్లా తీరం మొత్తం 193 కిలోమీటర్లు. దాంట్లో మనం ఉత్తరపు కొసన ఉన్నాం. కాబట్టి డొంకూరు, ఇచ్ఛాపురం వాళ్ళు గంజాం రంగు కూడా చూడండి. పలాస, మందస వాళ్ళు గజపతి రంగు చూడండి. శ్రీకాకుళం ఆకుపచ్చ, గజపతి నారింజ అయితే, టాపు మడవకుండా ఉంచడమే తెలివి.

ఎందుకంటే గజపతి జిల్లాలోనే మహేంద్రగిరి ఉంది. 1,501 మీటర్ల ఎత్తు. వేసవిలో మన మీదికొచ్చే ఉరుముల మబ్బు చాలాసార్లు ఆ కొండల్లోనే పుట్టి తూర్పుకి దిగుతుంది. మధ్యాహ్నం రెండు గంటలకి పడమటి దిక్కున మబ్బు కాలీఫ్లవర్‌లా పైపైకి లేస్తోందా? పైభాగం దాగలిలా చదును అయిందా? చల్లగాలి ఒక్కసారిగా కొండవైపు నుంచి కొట్టిందా? ఆ చల్లగాలి కొట్టాక మీకు మిగిలే సమయం నిమిషాల్లోనే. మనవాళ్ళు ఆ గాలి తగలగానే "అబ్బ, హాయిగా ఉంది" అంటారు. జీడిపిక్కలు ఆరబోసినవాళ్ళు మాత్రం అనరు. చాటలు పట్టుకుని కళ్ళానికి పరిగెడతారు. అక్టోబరులో అయితే కొండవైపు కాదు, సముద్రం వైపు చూడాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. తడవడం సంగతి అలా ఉంచండి. పిడుగు సంగతి. ఇనప టాపున్న కారులో అద్దాలెత్తుకుని కూర్చుంటే పిడుగు నుంచి చాలావరకు రక్షణ. పిడుగు పడినా విద్యుత్తు ఆ ఇనప గుల్ల మీదుగా నేలలోకి పోతుంది. చాలామంది టైర్లు రబ్బరు కాబట్టి ఏమీ కాదనుకుంటారు. కాపాడేది టైర్లు కాదు, చుట్టూ ఉన్న ఇనుము. టాపు లేని జీపులో ఆ ఇనుము నెత్తి మీద లేదు. గుడ్డ టాపు కప్పినా లేనట్టే. మోటారు సైకిలు, ట్రాక్టరు, ట్రాలీ ఆటో వెనక తొట్టి, అన్నీ అంతే. కాబట్టి టాపు కట్టేశాం కదా, మెరుపులున్నా పోదాం అనుకోకండి.

మెరుపు కనపడగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. ఉరుము వినపడేదాకా. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు దూరం. ముప్ఫై లోపే ఉరుము వినపడిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. బండి ఆపి, పక్కా భవనంలోకి వెళ్ళిపోండి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. వాన వెలిసింది కదా అని పది నిమిషాలకే కిక్కు కొట్టకండి. అరగంట. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని అనే యాప్ ఉంది. మీ చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

ఎక్కడ ఆగాలో ఇంటి దగ్గరే అనుకోవాలని అందుకే అంటున్నాను. జాతీయ రహదారి మీద ఆగడానికి చోట్లున్నాయి. బెల్లుపడ టోల్‌గేటు, పలాస దగ్గర లక్ష్మీపురం టోల్‌గేటు, పెట్రోలు బంకులు, హోటళ్ళు, ఊళ్ళో బడి, రైల్వే స్టేషను. కవిటి మీదుగా తోటల్లోంచి పోయే లోపలి దారి ఉంది. అందానికి దాన్ని మించింది లేదు. రెండు వైపులా కొబ్బరి, మధ్యలో పనస, మునగ. కానీ వానొస్తే తలదాచుకోవడానికి చెట్టు తప్ప మరోటి కనపడని చోట్లు ఆ దారిలో చాలా ఉన్నాయి. ఆ చెట్టు కిందే ఆగకూడదు. ఆకాశం మీద అనుమానం ఉన్న రోజున రహదారి. అనుమానం లేని రోజున తోటల దారి. కార్తీకం వెళ్ళాక శివరాత్రి దాకా, తుపాను కబురేదీ లేకపోతే, తోటల దారికి అసలైన రోజులు. టాపు మడిచి పోవడానికీ అవే రోజులు. మే నెల ఎండలో టాపు లేకుండా పోయేవాళ్ళకి నేను దణ్ణం పెడతాను. వాళ్ళకి వాన కబురు కాదు, మజ్జిగ కావాలి.

చివరగా పెళ్ళివారికి రెండు మాటలు. వైశాఖంలో పెళ్ళిళ్ళెక్కువ. ఉరుముల వానలూ ఎక్కువే. ముహూర్తం మార్చలేం. ఊరేగింపు పూట మార్చగలం. సాయంత్రం అయిదింటికి పెట్టుకున్నది, మబ్బు చూసి రాత్రి తొమ్మిదింటికి జరుపుకోవచ్చు. పూల జీపు మాట్లాడేటప్పుడే బయానా ఇచ్చేముందు రెండు సంగతులు తేల్చుకోండి. వానొస్తే బండి ఎక్కడ పెడతారు? ఆలస్యమైతే అదనపు డబ్బు ఎవరిస్తారు? కల్యాణ మంటపం పోర్టికో ఖాళీగా ఉంచమని ముందే చెప్పండి. అక్కడ చెప్పుల గుట్ట, కుర్చీల గుట్ట పేరుస్తారు. సమయానికి జీపు దూరదు. బ్యాండువాళ్ళ జనరేటరు, లైట్ల వైర్లు తడిలో ఉంటే ముందు అవి ఆపించండి. పెళ్ళికొడుకు తలపాగా తడిస్తే ఆరుతుంది. ఉరుము వినపడుతుండగా నెత్తి మీద కప్పు లేని బండిలో, లైట్ల స్తంభాల మధ్య ఊరేగడం మాత్రం వద్దు. ఎవరైనా పెద్దాయన "ఒక్క వీధే కదా, కానీయండి" అంటారు. ప్రతి పెళ్ళిలోనూ ఒకరుంటారు. ఆయన్ని లోపల కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి.

కాగితం, పెన్ను దగ్గరుంటే ఈ నంబర్లు రాసుకోండి. దారిలో వానకో, గాలికో, పిడుగుకో ఆపదొస్తే రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ కంట్రోల్ రూము నంబరు 1070. ఒకటి, సున్నా, ఏడు, సున్నా. టోల్ ఫ్రీ నంబరు 1800 425 0101. మళ్ళీ చెబుతున్నాను. 1800 425 0101. ఏ ఆపదకైనా 112 ఉండనే ఉంది. ఫోనులో దాచుకోవడం మంచిదే. కానీ తిత్లీ తర్వాత మన దగ్గర కరెంటు లేక ఫోన్లు చచ్చిపోయిన రోజులు మీకు తెలుసు. అందుకని ఒక కాగితం మీద రాసి బండి కాగితాలతో పాటు ప్లాస్టిక్ కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవరు ఎందుకో టాపు లేని బండివాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.